లన్వా పొగిడాడు సరే, నమ్మొచ్చా? (యూటూ కొత్త ఆల్బమ్)

హామిల్టన్_అబ్బాయి | ఆగస్టు 2008

అందరికీ నమస్కారం. ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూ కొత్త ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ డేనియల్ లన్వా. ఇక్కడి కెనడా పేపర్లో ఆయన మాటలు చదివినప్పటి నుంచి ఆఫీసులో పని సాగట్లేదు. ఆ కడుపుబ్బరం తీర్చుకోవడానికే ఈ థ్రెడ్.

ఆయన చెప్పింది టూకీగా ఇదీ. రికార్డింగ్ చివరికొచ్చింది. బోనో మంచి ఊపు మీద పాడుతున్నాడు. ఆడం బేస్ గిటార్, లారీ డ్రమ్స్ కలిస్తే అడుగున మోగే బరువైన శబ్దం అద్భుతంగా ఉంది. ఇంతకుముందు ఎక్కడా వినని శబ్దాలు తగిలాయి. యూటూ చేసిన కొత్త పోకడల ఆల్బమ్‌లలో ఇదొక గొప్పది అవుతుంది. అన్నిటికంటే పెద్ద మాట, బెర్లిన్‌లో "అక్తుంగ్ బేబీ" చేస్తున్నప్పుడు ఎలా అనిపించిందో ఇప్పుడూ అలాగే అనిపిస్తోందట!

లన్వా మా ఊరివాడే అనుకోండి. పుట్టింది క్యూబెక్‌లో అయినా పెరిగింది ఈ హామిల్టన్ పక్కనే. ఆయన మొదట్లో పనిచేసిన గ్రాంట్ అవెన్యూ స్టూడియో ఇక్కడే ఉంది. లన్వాతో కలిసి యూటూ ఆల్బమ్‌లు చేసే ప్రొడ్యూసర్ బ్రయన్ ఈనో కూడా ఎనభైల మొదట్లో ఇక్కడికొచ్చి పనిచేశాడు. రోజూ బస్సులో ఆ వీధి దాటుతుంటాను కాబట్టి నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నా. మీరేమంటారు?

అత్తిలి_సుబ్బు | ఆగస్టు 2008

నిర్మాత తన సరుకు తాను పొగుడుకోవడంలో వింతేముంది గురూ? మన ఆడియో ఫంక్షన్లు చూళ్లేదా? ప్రతి నిర్మాతా మైకు పట్టుకుని "ఈ సినిమా చరిత్ర తిరగరాస్తుంది" అంటాడు. రెండో వారానికి పోస్టర్లు చింపి కొత్తవి అంటిస్తారు. డబ్బులు పెట్టినవాడు బాగోలేదని ఎక్కడైనా అంటాడా?

చిక్కడపల్లి_బాస్ | ఆగస్టు 2008

సుబ్బూ, ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బులు పెట్టేవాడు కాదు. డబ్బు కంపెనీది. రికార్డ్ ప్రొడ్యూసర్ అంటే స్టూడియోలో కూర్చుని ఏ టేకు ఉంచాలి, ఏ పాట పారెయ్యాలి, డ్రమ్స్‌కి మైకు ఎంత దూరంలో పెట్టాలి, గిటార్ ఎక్కడ ఆగాలి అని తేల్చేవాడు. మన సినిమాల్లో ఆ పని సగం సంగీత దర్శకుడు, సగం సౌండ్ ఇంజనీరు చేస్తారు. బ్యాండ్‌లో ట్యూన్ కట్టేది బ్యాండ్ వాళ్లే కాబట్టి, బయటి చెవి ఒకటి కావాలి. నలుగురూ కొట్టుకుంటుంటే సర్ది చెప్పాలి కూడా. అందుకని కొంత పెళ్లిళ్ల పేరయ్య పని కూడా ఉంటుంది.

ఇక అసలు సంగతి. నేను పదేళ్లుగా బేస్ వాయిస్తున్నాను. ఆడం బేస్ అద్భుతం అని ఎవరైనా అంటే సంతోషమే. కానీ కాకిపిల్ల కాకికి ముద్దు. ఈసారి ఈనో, లన్వా ఇద్దరూ బ్యాండ్‌తో కలిసి పాటలు కూడా రాస్తున్నారని ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. అంటే ఆయన మేస్త్రీ మాత్రమే కాదు, ఇంట్లో వాటాదారు. వాటాదారు ఇంటి గురించి ఏం చెబుతాడు?

వైజాగ్_వాన | ఆగస్టు 2008

బాస్ గారూ, ఆ లెక్కన కన్నతల్లి మాటలూ నమ్మకూడదు. "అన్‌ఫర్గెటబుల్ ఫైర్" (1984), "జాషువా ట్రీ" (1987), "అక్తుంగ్ బేబీ" (1991), ఇవన్నీ ఈ మనిషి చేతిలోంచి వచ్చినవే కదా. ఇరవై నాలుగేళ్ల పరిచయం. వాళ్లు ఎప్పుడు బాగా చేస్తున్నారో, ఎప్పుడు నటిస్తున్నారో ఆయనకు తెలియక మనకు తెలుస్తుందా?

పైగా ఆయన ఊరికే నోరు పారేసుకునే రకం కాదు. పీటర్ గేబ్రియల్‌తో "సో", బాబ్ డిలన్‌తో "టైమ్ అవుట్ ఆఫ్ మైండ్" చేసినవాడు. ఆ రెండోదానికి ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ వచ్చింది. యూటూ పేరు చెప్పుకుని బతకాల్సిన అవసరం ఆయనకు లేదు.

ఓరుగల్లు_రాకర్ | ఆగస్టు 2008

అన్నా, మీ ఐర్లండ్ బ్యాండ్ పాట రాకముందే ఇంత పంచాయితీనా? ఆల్బమ్‌కి ఇంకా పేరే పెట్టలేదు కదా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

వచ్చే నెల మా మెటాలికా కొత్త ఆల్బమ్ వస్తుంది. అప్పుడు చూద్దాం ఎవరి ప్రొడ్యూసర్ ఎంతటోడో.

చిక్కడపల్లి_బాస్ | ఆగస్టు 2008

మీ మెటాలికాకి ఇప్పుడు ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ కదా తమ్ముడూ? యూటూ కూడా 2006లో ముందు ఆయన దగ్గరికే వెళ్లింది. లండన్ అబీ రోడ్ స్టూడియోలో కూర్చున్నారు. కుదరలేదు. పాట పూర్తిగా తయారయ్యాకే స్టూడియోకి రండి అనేది రూబిన్ పద్ధతి. వీళ్లేమో స్టూడియోలో అడుగుపెట్టాకే పాట వెతుక్కునే రకం. అప్పుడు చేసినవాటిలో రెండు పాటలు ఆ ఏడాది చివరి హిట్స్ ఆల్బమ్‌లో వచ్చాయి, మిగతావి పక్కన పెట్టేశారు.

ఇప్పుడు చెప్పండి. ఒక ప్రొడ్యూసర్‌తో చేసింది మూలన పడేసి, పాత స్నేహితుల దగ్గరికి తిరిగొచ్చారు. పాత స్నేహితుడు "అబ్బ, మళ్లీ ఆ రోజులు వచ్చాయి" అంటున్నాడు. అనక ఏం చేస్తాడు?

లేపాక్షి74 | ఆగస్టు 2008

పెద్దవాణ్ణి, ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. రెండు వైపులా ఒక విషయం వదిలేస్తున్నారనిపిస్తోంది.

"అక్తుంగ్ బేబీ"తో పోలిక వినగానే అందరం ఎగిరి గంతేస్తున్నాం. కానీ ఆ ఆల్బమ్ ఎలా తయారైందో గుర్తు చేసుకోండి. 1990 అక్టోబరులో బెర్లిన్ హన్సా స్టూడియోకి వెళ్లారు. జర్మనీ అప్పుడే ఒకటైంది, గోడ కూలి ఏడాది కూడా కాలేదు. అక్కడ వీళ్ల మధ్యే గోడ లేచింది. బోనో, గిటార్ వాయించే ఎడ్జ్ కొత్త రకం డాన్స్ శబ్దాలు కావాలంటారు, లారీ, ఆడం ఈ వేషాలెందుకంటారు. బ్యాండ్ విడిపోయేదాకా వెళ్లింది. ఒక పాట మధ్యలో ఎడ్జ్ ఏవో కార్డ్స్ వాయిస్తుంటే అందులోంచి "వన్" అనే పాట పుట్టింది, బ్యాండ్‌కి ఊపిరి పోసింది. తర్వాత డబ్లిన్‌కి వచ్చి నెలల తరబడి చెక్కారు. ఈనో మధ్యమధ్యలో వచ్చి తాజా చెవితో విని, ఎక్కువైనవి తీసేయమని చెప్పి వెళ్లేవాడు.

అంటే ఆ గదిలో ఉన్న రోజుల్లో అది గొప్ప ఆల్బమ్ అని ఎవరికీ తెలియదు. గొప్పతనం తర్వాత, తీసివేతల్లో వచ్చింది. లన్వా ఇప్పుడు గదిలో కూర్చుని అంటున్న మాట అబద్ధమని నేననను. ఆ రోజు ఆ స్పీకర్లలో ఆయన విన్నది నిజంగానే అంత బాగుండొచ్చు. కానీ మనం వినబోయేది అది కాదు. ఇంకా ఆరు నెలలు దాని మీద ఎన్ని చేతులు పడతాయో.

హామిల్టన్_అబ్బాయి | ఆగస్టు 2008

సార్, మీరు ఇన్నాళ్లూ ఎక్కడున్నారు!

ఫెజ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నిరుడు మొరాకోలోని ఫెజ్‌లో రెండు వారాలు రికార్డ్ చేశారు. అక్కడ ఏటా జరిగే ఆధ్యాత్మిక సంగీత ఉత్సవం కోసమని వెళ్లి, ఒక హోటల్ అద్దెకు తీసుకుని, నడిమింట్లోనే సామాను పరిచేశారు. అక్కడి పాత ఇళ్లను రియాద్ అంటారు. మన గోదావరి వైపు మండువా లోగిలి అనుకోండి. మధ్యలో ఆకాశం కనిపిస్తుంది, చుట్టూ గదులు. మా తాతగారిల్లు అలాంటిదే, కొవ్వూరు దగ్గర. వానొస్తే నడిమింట్లోనే పడేది. అలాంటి చోట డ్రమ్స్ వాయిస్తే ఎలా మోగుతుందో ఊహించుకుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

అత్తిలి_సుబ్బు | ఆగస్టు 2008

మండువా ఇంట్లో డ్రమ్స్ వాయిస్తే మా నాయనమ్మ చీపురు పట్టుకుని వచ్చేది.

ఓరుగల్లు_రాకర్ | ఆగస్టు 2008

ఇంతకీ ఆ బీచ్ క్లిప్పులు విన్నరా ఎవరన్నా? ఫ్రాన్స్‌లో బోనో ఇంటి పక్క నుంచి ఎవరో పోతుంటే లోపలి నుంచి కొత్త పాటలు గట్టిగా వినిపించినయట. ఫోన్‌లో రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టిండు. తీసేసిన్రు కానీ అప్పటికే అందరి దగ్గరికీ చేరినయి. లింక్ కావాలంటే చెప్పండి.

మోడరేటర్ | ఆగస్టు 2008

లింకులు ఇక్కడ వద్దు. అడగొద్దు, ఇవ్వొద్దు. చర్చ కొనసాగించండి.

వైజాగ్_వాన | ఆగస్టు 2008

నేను వినను. ప్రహరీ గోడ అవతల నుంచి, సముద్రం హోరులో, ఫోన్‌లో పట్టింది విని ఏం తేల్చుకుంటాం? పెళ్లికూతుర్ని కిటికీ సందులోంచి చూసినట్టు.

చిక్కడపల్లి_బాస్ | ఆగస్టు 2008

నేను విన్నాను, మన్నించండి. అడుగు శబ్దం అద్భుతమన్నారు కదా, ఆ రికార్డింగ్‌లో అడుగూ లేదు, పైనా లేదు. ఎడ్జ్ గిటార్ ఒకటి గీరుకున్నట్టు వినిపించింది, అంతే. కానీ అందులోని ఒక ట్యూన్ మూడు రోజులైనా తల వదలట్లేదు. ఇది నా ఓటమి కాదని మనవి.

లేపాక్షి74 | సెప్టెంబరు 2008

అనుకున్నదే అయింది. ఆల్బమ్ ఈ ఏడాది రాదట, వచ్చే ఏడాదికి వెళ్లింది. ఇంకా పాటలు పుడుతూనే ఉన్నాయని బోనో రాశాడు.

రికార్డింగ్ చివరికొచ్చిందని లన్వా అన్నది నెల కూడా కాలేదు.

చిక్కడపల్లి_బాస్ | సెప్టెంబరు 2008

ఇదే నేను మొత్తుకుంటున్నది. అయినా వాయిదా వేయడం మంచిదే. 1997లో "పాప్" గతి చూశాం కదా. టూర్ తేదీలు ముందే అమ్మేశారు. ఆల్బమ్ సగం ఉడికినా దింపక తప్పలేదు. తర్వాత ఆ పాటల్లో కొన్నిటిని బ్యాండే మళ్లీ మిక్స్ చేసుకుని 2002 హిట్స్ ఆల్బమ్‌లో పెట్టుకుంది. సొంత వంట బాగోలేదని వడ్డించాక ఒప్పుకున్నట్టు. ఉడకనివ్వండి.

ఓరుగల్లు_రాకర్ | సెప్టెంబరు 2008

మాది వచ్చేసింది! "డెత్ మాగ్నెటిక్". పాటలు కత్తిలెక్క ఉన్నయి. కానీ అన్నా, ఒక మాట నిజం చెప్పాలె. శబ్దం పగిలిపోతుంది. ఎంత గట్టిగా చేసిన్రంటే హెడ్‌ఫోన్స్‌లో రెండు పాటలకే తలనొప్పి. గిటార్ హీరో గేమ్‌లో అవే పాటలు ఇంతకంటే శుభ్రంగా ఉన్నయని అందరూ అంటున్నరు. సీడీ కంటే ఆటబొమ్మ నయమా? మళ్లీ మిక్స్ చేయమని వేలమంది పిటిషన్ మీద సంతకాలు కూడా పెడుతున్నరు.

చిక్కడపల్లి_బాస్ | సెప్టెంబరు 2008

దీన్ని లౌడ్‌నెస్ వార్ అంటారు తమ్ముడూ. పక్కవాడి పాటకంటే మనది గట్టిగా వినపడాలని, మెల్లగా ఉన్న చోటును కూడా ఎత్తి గట్టి చోటుతో సమానం చేస్తారు. ఎత్తడానికి ఇంకా చోటు లేనప్పుడు పైన అలలు తెగిపోతాయి, అదే నీకు వినపడే పగులు. మాస్టరింగ్ (సీడీకి ముందు చివరి మెరుగు) చేసినాయన తన దగ్గరికి రావడమే అలా వచ్చిందని చెప్పుకున్నాడు.

చూశారా, ప్రొడ్యూసర్ ఎంత పెద్దవాడైనా, పాట ఎంత బాగున్నా, చివరి మెట్టు మీద జారొచ్చు. లన్వా పొగిడింది మొదటి మెట్టు మీద.

వైజాగ్_వాన | జనవరి 2009

మొదటి పాట వచ్చింది. "గెట్ ఆన్ యువర్ బూట్స్". నాలుగుసార్లు విన్నాను. ఐదోసారి వినాలని లేదు.

చెప్పండి బాస్ గారూ, మీ టర్న్.

చిక్కడపల్లి_బాస్ | ఫిబ్రవరి 2009

లేదండీ, నాకూ ఏం సంతోషంగా లేదు. బ్రిటన్‌లో పన్నెండో స్థానం దగ్గర ఆగింది. ఆల్బమ్ మొదటి పాటకి వీళ్ల లెక్కలో ఇది తక్కువే. కొత్త శబ్దాలు, కొత్త దిక్కు అన్నారు కదా, నాకు ఇందులో 2004 నాటి వీళ్ల సొంత పాటే జీన్స్ మార్చుకుని వచ్చినట్టుంది. అయితే ఆడం బేస్ మాత్రం నిజంగా బాగుంది. ఆ ఒక్కమాటా లన్వా నిజమే చెప్పాడు.

హామిల్టన్_అబ్బాయి | ఫిబ్రవరి 2009

ఒక్క పాట చూసి ఆల్బమ్‌ని తీసిపారేయకండి. ఆస్ట్రేలియాలో ఒక ఆన్‌లైన్ షాపు పొరపాటున రెండు వారాల ముందే మొత్తం ఆల్బమ్ అమ్మేసిందట, అది లోకమంతా పాకింది. నేను మాత్రం మార్చి 3న కొని వింటా. అప్పటిదాకా ఈ థ్రెడ్‌కి రాను. ఒట్టు.

హామిల్టన్_అబ్బాయి | మార్చి 2009

వచ్చాను.

మంచు కురుస్తుంటే, షాపు తెరిచే సమయానికి వెళ్లి కొన్నాను. "నో లైన్ ఆన్ ద హొరైజన్". అట్ట మీద హిరోషి సుగిమోతో తీసిన సముద్రం లాంటి ఫోటో, నిజానికి అది ఒక సరస్సు. నీళ్లు, ఆకాశం, మధ్యలో గీత. అంతే.

మొదటి నాలుగు పాటలు వింటున్నప్పుడు లన్వా కాళ్లు మొక్కాలనిపించింది. "మొమెంట్ ఆఫ్ సరెండర్" ఏడు నిమిషాలకు పైన ఉంటుంది. ఫెజ్‌లో దాదాపు ఒకే టేకులో వచ్చిందంటున్నారు. ఇంకో పాట మొదట్లో పిట్టల అరుపులు కూడా ఉన్నాయి, ఆ మండువాలోవే! మా తాతగారింట్లో పొద్దున్నే లేచినట్టుంది.

ఆ తర్వాత మధ్యలో మూడు పాటలొచ్చాయి. ఏం చెప్పను. రేడియో కోసం కుట్టిన చొక్కాలు. సీడీ పుస్తకం తిరగేస్తే ప్రొడ్యూసర్ స్టీవ్ లిల్లీవైట్ పేరుంది, అమెరికా పాప్ గాయకుడు విల్.ఐ.యామ్ పేరు కూడా ఉంది. లేపాక్షి సార్ అన్న చేతులు అవే.

లేపాక్షి74 | మార్చి 2009

లిల్లీవైట్‌ని తిట్టకండి, 1980లో వీళ్ల మొదటి ఆల్బమ్ చేసింది ఆయనే. పిలిచిన పని చేశాడు. పిలిచింది బ్యాండ్.

నాకు తోచింది చెబుతాను. ఇందులో రెండు ఆల్బమ్‌లు ఉన్నాయి. ఒకటి ఫెజ్‌లో పుట్టింది, లన్వా పొగిడింది దాన్నే. రెండోది "మనం ఇంకా పెద్ద బ్యాండే కదా" అన్న టెన్షన్‌లో పుట్టింది. "వింటర్" అనే పాటను చివర్లో తీసేశారు, ఈనోకి అది చాలా ఇష్టమట. అలాంటిది తీసి బూట్లు ఉంచారు. పొగిడినవాణ్ణి ఏమనగలం? ఆయన పొగిడిన ఆల్బమ్ మనకు పూర్తిగా చేరలేదు.

చిక్కడపల్లి_బాస్ | మార్చి 2009

సార్, ఇది మరీ పెద్దమనసు. అలాగైతే ఏ ప్రొడ్యూసర్‌నీ ఎప్పుడూ తప్పు పట్టలేం. "నేను చెప్పింది వేరే ఆల్బమ్ గురించి" అని తప్పించుకుంటాడు. ఆయన పేరూ అట్ట వెనక ఉంది కదా, ఆ మూడు పాటలకూ బాధ్యత ఉంది.

విమర్శకులకే కుదరట్లేదు. రోలింగ్ స్టోన్ ఐదు నక్షత్రాలిచ్చింది. పిచ్‌ఫోర్క్ పదికి 4.2 ఇచ్చింది. ఇద్దరూ విన్నది ఒకటేనా అని అనుమానం. అమెరికాలో మొదటి వారం 4,84,000 కాపీలు పోయాయి, నంబర్ వన్. మా హైదరాబాద్‌లో మా ఫ్రెండ్స్‌లో కొన్నది నేనొక్కణ్ణే. మిగతావాళ్లు నా దగ్గర కాపీ చేసుకున్నారు.

వైజాగ్_వాన | మార్చి 2009

నిన్న రాత్రి కరెంటు పోయింది. బ్యాటరీ ఉన్నంతసేపు ఆ ఏడు నిమిషాల పాటే వేసుకున్నాను. నాకు చాలు. మీరు కొట్టుకోండి.

అత్తిలి_సుబ్బు | మార్చి 2009

నేను పాట ఒక్కటీ వినలేదు కానీ థ్రెడ్ మొత్తం చదివాను. సినిమా చూసినట్టుంది. ఇంతకీ పాస్ అయ్యాడా, ఫెయిలా, మీ హామిల్టన్ ఆయన?

చిక్కడపల్లి_బాస్ | మార్చి 2009

సప్లిమెంటరీ.

చిక్కడపల్లి_బాస్ | డిసెంబరు 2019

పదేళ్ల పాత థ్రెడ్ తవ్వుతున్నందుకు మోడరేటర్ గారు క్షమించాలి. ఈ ఫోరంలో ఎవరైనా మిగిలారో లేదో కూడా తెలియదు.

15వ తేదీన ముంబై వెళ్లాను. యూటూ ఇండియాలో మొట్టమొదటిసారి, డీవై పాటిల్ స్టేడియంలో. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ దొరికింది, పక్క బెర్తుల్లో ఇంకో నలుగురు మనవాళ్లే. "జాషువా ట్రీ" మొత్తం వాయించారు. చివర్లో ఏ.ఆర్. రెహమాన్ కూతుళ్లతో వచ్చి "అహింస" పాడారు. నా వయసు నలభై దాటింది, ఆ తోపులాటలో మోకాలు పట్టేసింది, అయినా నిలబడే ఉన్నాను.

ఒక్కటే గమనించాను. "నో లైన్" నుంచి ఒక్క పాట కూడా లేదు. ఒక్కటి కూడా! ఆ ఆల్బమ్ పేరు మీద 2009 నుంచి 2011 దాకా 110 షోలు తిరిగారు, 73 కోట్ల డాలర్ల పైన వసూలైంది, అప్పటికి అదే రికార్డు. ఆ టూర్ ముగిసేసరికే ఆ పాటలు ఒక్కొక్కటిగా జారిపోయాయి. ఇప్పుడు బ్యాండే దాన్ని మర్చిపోయినట్టుంది.

తిరుగు ప్రయాణంలో షోలాపూర్ దాటాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో ఆ ఆల్బమ్ పెట్టాను. మధ్యలో మూడు పాటలు దాటేసి విన్నాను, ఎనిమిది పాటలు. వాన గారూ, మీరు ఎక్కడున్నారో గానీ, 2008లో మీతో గొడవపడినవాడు పైబెర్తు మీద కళ్లు తుడుచుకున్నాడు. ఎదురు బెర్తు ఆయన "ఏమైంది సార్, ఇంట్లో అంతా బాగేనా" అని అడిగాడు.

హామిల్టన్_అబ్బాయి | డిసెంబరు 2019

నోటిఫికేషన్ మెయిల్ పాత ఐడీకి వచ్చింది, అదృష్టం కొద్దీ చూశాను. బాస్ గారూ, ఇప్పటికీ ఇదే ఊళ్లో ఉన్నా. బస్సు మాత్రం మానేశాను, కారు కొన్నా.

ఆ ఎనిమిదీ ఏ వరసలో విన్నారో చెప్పండి. "వింటర్" దొరికితే ఎక్కడ పెడతారు?

చిక్కడపల్లి_బాస్ | డిసెంబరు 2019

"మొమెంట్ ఆఫ్ సరెండర్" అవ్వగానే. ఇంకెక్కడ పెడతాం.